స్వదేశీ సరీసృపాల పెంపకం - అనుమతి నిబంధనలు

స్వదేశీ సరీసృపాలు అనగా ఒక దేశంలో మానవ ప్రమేయం లేకుండా సహజంగా నివసిస్తున్న పాములు, తాబేళ్ళు, ఉడుములు, ఊసరవెల్లులు, మొసళ్ళు మొదలైన జీవులు. వీటిని ఇంట్లో పెంచుకొనడానికి ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క విధమైన నిబంధనలు కలవు. భారతదేశంలో వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 షెడ్యూళ్ళలో చేర్చబడిన స్వదేశీ సరీసృపాలను సరదా కొరకు పెంచుకొనడానికి అనుమతి ఇచ్చే విధానం లేదు. చట్టంలో 'అనుమతి' అనే మాట అనేకచోట్ల కనిపిస్తుంది. కాని అది విద్య, పరిశోధన, జంతుప్రదర్శనశాలలు, ఔషధాల తయారీ వంటి ప్రయోజనాలకు ఉద్దేశించినదే తప్ప పెంపుడు జంతువులకు ఉద్దేశించినది కాదు.

తెలుగు రాష్ట్రాలలో ఈ విషయం ముఖ్యంగా నక్షత్ర తాబేలు మూలంగా ప్రస్తావనకు వస్తుంది. ఇంట్లో తాబేలు ఉంటే కలిసివస్తుందనే నమ్మకంతో దానిని కొని పెంచుతున్నవారిలో అనేకులకు అది కనీసం 3 సంవత్సరాల జైలుశిక్ష పడగల నేరమని తెలియదు. అమ్మినవాడు చెప్పడు, పెంచేవారు అడగరు.

చట్టం

వన్యప్రాణి (సంరక్షణ) చట్టం 1972 సెప్టెంబరు 9న ఆమోదం పొందినది. ఇందులో జంతువులను వాటికి ఇవ్వవలసిన రక్షణను బట్టి షెడ్యూళ్ళుగా విభజించారు. 2022లో ఈ చట్టానికి పెద్ద సవరణ జరిగినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఆ సవరణ ప్రకారం షెడ్యూళ్ళ సంఖ్య నాలుగుకు తగ్గినది. మొదటి షెడ్యూలులో అత్యధిక రక్షణ పొందే జంతువులు, రెండవదానిలో మిగిలిన రక్షిత జంతువులు, మూడవదానిలో మొక్కలు ఉన్నాయి. నాలుగవ షెడ్యూలు వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందానికి సంబంధించినది. భారతదేశం ఈ ఒప్పందంలో 1976లో చేరినది.

పెంపకం గురించి తెలుసుకోదలచినవారు ముందుగా గమనించవలసినది 'వేట' అనే పదానికి చట్టం ఇచ్చిన నిర్వచనం. వేట అంటే తుపాకీతో కాల్చడమో, వల పన్ని చంపడమో మాత్రమే అని మనం అనుకుంటాము. చట్టం దృష్టిలో జంతువును సజీవంగా పట్టుకొనడం కూడా వేటే. పక్షులు, సరీసృపాల విషయంలో మరొక అడుగు ముందుకు వేసి, వాటి గుడ్లను పాడుచేయడాన్ని, గుడ్లను గాని గూళ్ళను గాని కదిలించడాన్ని కూడా వేటగానే పరిగణించారు. అందుచేత పొలం గట్టున కనిపించిన తాబేలును పిల్లల ముచ్చట కోసం సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చిన వ్యక్తి 9వ సెక్షన్ నిషేధించిన వేటకు పాల్పడినట్లే అవుతుంది. చంపలేదు కదా, ప్రేమగా సాకుతున్నాను కదా అనే వాదన ఇక్కడ నిలవదు.

39వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధంగా పట్టుబడిన లేదా ఉంచబడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అటువంటి జంతువు ఏ విధంగానైనా ఒకరి స్వాధీనంలోకి వస్తే 48 గంటలలోగా దగ్గరలోని పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అటవీ అధికారికి గాని తెలియజేయవలెను. రాష్ట్రస్థాయి అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా దానిని తన వద్ద ఉంచుకొనరాదు. 49వ సెక్షన్ కొనుగోలుదారును కూడా నేరపరిధిలోకి తెస్తుంది. కావున నేను పట్టలేదు, బజారులో డబ్బిచ్చి కొన్నాను అని చెప్పినా ప్రయోజనం ఉండదు. పైగా 57వ సెక్షన్ ప్రకారం జంతువు ఒకరి వద్ద ఉన్నదని రుజువైతే అది చట్టవిరుద్ధంగా ఉన్నదనే న్యాయస్థానం భావిస్తుంది. చట్టబద్ధమని నిరూపించుకొనే భారం నిందితునిదే. సాధారణంగా నేరాన్ని ప్రభుత్వం నిరూపించవలసి ఉండగా ఇక్కడ ఆ భారం తిరగబడినది.

అనుమతులు ఎవరికి లభిస్తాయి

12వ సెక్షన్ క్రింద ప్రత్యేక ప్రయోజనాలకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చును. విద్య, శాస్త్రీయ పరిశోధన, శాస్త్రీయ నిర్వహణ, గుర్తింపు పొందిన జంతుప్రదర్శనశాలలు, మ్యూజియంల కొరకు సేకరణ, ప్రాణరక్షక ఔషధాల తయారీకి పాము విషం సేకరణ ఇందులోకి వస్తాయి. మొదటి షెడ్యూలు జంతువులైతే కేంద్రప్రభుత్వపు ముందస్తు అనుమతి, ఇతర జంతువులైతే రాష్ట్రప్రభుత్వపు ముందస్తు అనుమతి కూడా అవసరం.

విషసేకరణకు చక్కని ఉదాహరణ తమిళనాడులోని ఇరుల పాములవాళ్ళ సహకార సంఘం. పాముల చర్మాల కొరకు వేటాడి జీవించిన ఇరుల తెగవారికి 1972 తరువాత ఆ వృత్తి నిషిద్ధమైనది. సరీసృప శాస్త్రజ్ఞుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో చెన్నై సమీపంలో ఏర్పడిన ఈ సంఘం అటవీశాఖ ఇచ్చే అనుమతిపై నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పాములను పట్టి, కొద్దివారాలు ఉంచుకొని, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతుంది. భారతదేశంలో పాముకాటు మందు తయారీకి కావలసిన విషంలో అధికభాగం ఇక్కడినుండే వస్తుంది. ఇంతటి ప్రజాప్రయోజనం ఉన్న పనికి కూడా పాముల సంఖ్య, ఉంచుకొనే కాలం మీద పరిమితులు ఉన్నాయంటే సరదా పెంపకానికి అనుమతి ఎందుకు లేదో ఊహించవచ్చును.

యాజమాన్య ధృవపత్రం మరొక విషయం. చట్టం వచ్చినప్పుడు కొన్ని షెడ్యూళ్ళ జంతువులను అప్పటికే కలిగియున్నవారు 30 రోజులలోగా ప్రకటించవలెనని 40వ సెక్షన్ కోరినది. 2003లో మరొకసారి 180 రోజుల గడువు ఇవ్వబడినది. అలా ప్రకటించినవారికి, జంతువు ఉండడానికి తగిన వసతి ఉన్నదని నిర్ధారించుకొని, 42వ సెక్షన్ క్రింద ధృవపత్రం ఇచ్చారు. ధృవపత్రం ఉన్న జంతువును కూడా అమ్మరాదు. వారసత్వంగా వచ్చినచో 90 రోజులలోగా ప్రకటించవలెను. ఆ గడువులు ఏనాడో ముగిసినవి. నేటి రోజున ఎవరైనా తాబేలును గాని ఉడుమును గాని అమ్ముతూ 'దీనికి కాగితాలు ఉన్నాయి' అంటే ఆ కాగితాలు అమ్మకాన్ని చట్టబద్ధం చేయవు.

విదేశీ జాతులతో గందరగోళం

చాలామంది పొరబడేది ఇక్కడే. నగరాలలోని పెంపుడు జంతువుల దుకాణాలలో పచ్చ ఇగువానా, బాల్ పైథాన్ వంటి విదేశీ సరీసృపాలు బహిరంగంగా అమ్ముతారు. వాటిని పెంచవచ్చునంటే మన ఊరి తాబేలును పెంచరాదా అనే ప్రశ్న సహజమే.

విదేశీ జంతువులు చాలాకాలం ఈ చట్టం పరిధిలో లేవు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, విదేశీ జాతులను కలిగియున్నవారు స్వచ్ఛందంగా వెల్లడించడానికి ఆరు నెలల అవకాశం ఇచ్చినది. 2022 సవరణతో సైటీస్ జాబితాలోని సజీవ జంతువుల నమోదు చట్టంలోనే చేరినది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం అటువంటి జంతువులు ఉన్నవారు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా నమోదు చేసుకొనవలెను. వాటి జననాలు, మరణాలు, చేతులు మారడం కూడా తెలియజేయవలెను.

ఈ నమోదు స్వదేశీ జంతువులకు దారి కాదు. ఒక జాతి మొదటి లేదా రెండవ షెడ్యూలులోను, సైటీస్‌కు సంబంధించిన నాలుగవ షెడ్యూలులోను కూడా ఉంటే దానికి మొదటి రెండు షెడ్యూళ్ళ నిబంధనలే వర్తిస్తాయని చట్టం స్పష్టం చేసినది. నక్షత్ర తాబేలు ఇందుకు సరియైన ఉదాహరణ. అది సైటీస్ జాబితాలో ఉన్నమాట నిజమే. అయినా పోర్టల్‌లో నమోదు చేసినంత మాత్రాన దానిని ఉంచుకొనే హక్కు రాదు.

అక్వేరియం దుకాణాలలోని అరచేతిలో పట్టే చిన్న నీటి తాబేళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వీటిలో అమెరికాకు చెందిన ఎర్రచెవుల తాబేలు ఎక్కువగా కనిపిస్తుంది. కళ్ళ వెనుక ఎర్రని చార దీని గుర్తు. ఇది పెద్దదయ్యాక పోషించలేక చెరువులలో వదిలివేయడం వలన అక్కడి స్థానిక తాబేళ్ళకు ఆహారంలోను, ఎండ కాచుకొనే చోట్లలోను పోటీ ఏర్పడుతున్నది. స్వదేశీ తాబేలు పిల్లలను కూడా వీటి పక్కనే ఉంచి అమ్మే సందర్భాలు లేకపోలేదు. జాతిని గుర్తించలేని కొనుగోలుదారుకు ఏది చట్టబద్ధమో తెలిసే అవకాశం తక్కువ.

నక్షత్ర తాబేలు

నక్షత్ర తాబేలు పొడినేలలలోను, ముళ్ళపొదల అడవులలోను, పొలాల అంచులలోను నివసించే మెట్ట తాబేలు. నల్లని డిప్పపై పసుపు గీతలు నక్షత్రాల వలె కనిపిస్తాయి. ఎండుగడ్డి నీడలో ఈ గీతలు దానిని శత్రువుల కంటపడకుండా కాపాడుతాయి. మనుషులు దానిని కోరుకొనడానికి కారణమూ ఈ గీతలే. ఇది గుజరాత్, రాజస్థాన్, వాటిని ఆనుకొన్న పాకిస్తాన్ ప్రాంతం, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడులతో కూడిన దక్షిణ భారతం, శ్రీలంకలలో విడివిడిగా వ్యాపించియున్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని హాని పొందగల జాతిగా వర్గీకరించినది.

2015లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం భారతదేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రానికి సంబంధించి ఒక్క సంవత్సరంలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళను అడవి నుండి పట్టారు. గ్రామస్థులు ఒకటి రెండుగా పట్టినవాటిని దళారులు పోగుచేసి సూట్‌కేసులలో, పెట్టెలలో విదేశాలకు పంపుతారు. తాబేలు తల, కాళ్ళు లోపలికి ముడుచుకొని చాలాకాలం ఆహారం లేకుండా ఉండగలగడం స్మగ్లర్లకు అనుకూలమైనది. 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశంలో ఈ జాతిని రెండవ అనుబంధం నుండి మొదటి అనుబంధానికి మార్చారు. దీనివలన అడవి నుండి పట్టిన నక్షత్ర తాబేళ్ళ అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైనది.

దేశంలోపల శిక్ష కూడా మారినది. 2022 సవరణకు ముందు ఈ తాబేలు నాలుగవ షెడ్యూలులో ఉండేది. అప్పట్లో శిక్ష 3 సంవత్సరాల వరకు జైలు లేదా 25,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. నేరాన్ని రాజీ చేసుకొని సొమ్ము చెల్లించి బయటపడే వీలుండేది. సవరణ తరువాత ఇది మొదటి షెడ్యూలులో చేరినది. ఇప్పుడు శిక్ష 3 నుండి 7 సంవత్సరాల జైలు, దానితోపాటు 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. కనీస జైలుశిక్ష నిర్దేశించిన నేరాలకు రాజీ వర్తించదు. పదేళ్ళ క్రితం పొరుగింటివారు ఏదో కొంత కట్టి బయటపడ్డారని విన్నవారు ఈ మార్పును గమనించవలెను.

తాబేలు పట్ల తెలుగువారికి ఉన్న గౌరవం పాతది. విష్ణుమూర్తి కూర్మావతారానికి శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో ఆలయం ఉన్నది. ఆ ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు ఉండడం భక్తులకు తెలిసినదే. అయితే అక్కడ చూసి ఇంట్లో కూడా ఉంచవచ్చునని అనుకొనడం సరికాదు. గౌరవం ఉన్నంత మాత్రాన పెంపకం తెలియదు కూడా. ఇంటి తొట్టెలో, నేలబండలపై పెరిగే మెట్ట తాబేలుకు సూర్యరశ్మి, సున్నం తగినంత అందక డిప్ప మెత్తబడుతుంది లేదా గుట్టలుగుట్టలుగా వికృతంగా పెరుగుతుంది. గడ్డి, ఆకులు తినవలసిన జీవికి అన్నం, రొట్టె పెట్టడం వలన ఈ బాధ మరింత పెరుగుతుంది. ఇది నెమ్మదిగా జరిగే ప్రక్రియ కావడంతో ఇంటివారు గమనించేసరికి ఆలస్యమవుతుంది.

పట్టుబడిన తాబేళ్ళను తిరిగి అడవిలో వదిలివేస్తే సరిపోతుందనుకొనడం కూడా తొందరపాటే. సింగపూరులో పట్టుబడి భారతదేశానికి తిరిగి వచ్చిన నక్షత్ర తాబేళ్ళు ఏ ప్రాంతానివో తెలుసుకొనడానికి హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు డీఎన్ఏ విశ్లేషణ జరిపి 2006లో ఫలితాలను ప్రచురించారు. ఒక ప్రాంతపు జీవులను మరొక ప్రాంతంలో వదిలితే జన్యుపరమైన కలగాపులగం జరుగుతుంది. ఇళ్ళలో, పెట్టెలలో సోకిన రోగాలు అడవిలోని వాటికి అంటుకొంటాయి. అందుకే ఒకసారి అడవి నుండి తెచ్చిన తాబేలు తిరిగి అడవిని చేరడం కష్టం. అనేకం జీవితాంతం జంతుప్రదర్శనశాలలలో, రక్షణ కేంద్రాలలో గడుపుతాయి.

పాములు, ఉడుములు

కొండచిలువ, ఉడుము చిరకాలంగా మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు వంటి పాములు 2022కు ముందు రెండవ షెడ్యూలు రెండవ భాగంలో ఉండేవి. పాములను బుట్టలలో పెట్టుకొని ఇంటింటికీ తిరిగే పాములవాళ్ళ వృత్తి ఈ చట్టంతోనే నిషిద్ధమైనది. నాగులచవితి సమయంలో పాముకు పాలు పోయించి డబ్బులు తీసుకొనడం ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. పాములు పాలు త్రాగి జీవించవు. చాలాకాలం నీరు ఇవ్వకుండా ఉంచిన పాము దాహంతో ఏ ద్రవమైనా పీల్చుతుంది. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని, కోట్లు పలుకుతుందని చెప్పి మోసగించడం మరొక రకం. దీనికి ఉన్నది ఒక్క తలే. మొద్దుగా ఉండే తోక రెండవ తలవలె భ్రమింపజేస్తుంది.

ఇళ్ళలోకి వచ్చిన పాములను పట్టేవారికి కూడా అవి సొంతం కావు. పట్టిన పామును ఇంట్లో దాచుకొనడం, ప్రదర్శించడం, దానితో వీడియోలు తీయడం కొరకు ఉంచుకొనడం నేరాలే. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి స్వచ్ఛంద సంస్థలు అటవీశాఖతో కలిసి ఈ పని చేస్తున్నాయి. కేరళలో 2020లో ఒక మహిళను ఆమె భర్త నాగుపాముతో కరిపించి చంపిన కేసు సంచలనం కలిగించినది. ఆ పామును అతడు ఒక పాములు పట్టేవాని వద్ద కొన్నాడు. అదే సంవత్సరంలో కేరళ అటవీశాఖ పాములు పట్టేవారికి శిక్షణ, ధృవీకరణ తప్పనిసరి చేస్తూ మార్గదర్శకాలు వెలువరించి, సర్ప అనే మొబైల్ యాప్‌ను ప్రారంభించినది. పామును కాపాడడానికి పట్టుకొనేవానికి కూడా అనుమతి కావలెననే సూత్రం అక్కడ స్పష్టమైన రూపం పొందినది.

ఆస్ట్రేలియా పద్ధతి

ఆస్ట్రేలియాలో పరిస్థితి దాదాపు తలక్రిందులు. అక్కడ విదేశీ సరీసృపాలను పెంపుడు జంతువులుగా ఉంచరాదు. స్వదేశీ సరీసృపాలను మాత్రం లైసెన్సుపై పెంచవచ్చును. ఇది రాష్ట్రాల అధికారం కావడంతో న్యూ సౌత్ వేల్స్‌లో జీవవైవిధ్య పరిరక్షణ చట్టం, 2016, విక్టోరియాలో వన్యప్రాణి చట్టం, 1975, క్వీన్స్‌లాండ్‌లో ప్రకృతి పరిరక్షణ చట్టం, 1992 వర్తిస్తాయి. వివరాలు వేరైనా మూల సూత్రాలు ఒకటే. జంతువు బంధనంలో పుట్టినదై, లైసెన్సు ఉన్నవారి నుండే రావలెను. అడవి నుండి పట్టరాదు. నీలినాలుక బల్లి వంటి తేలికగా పెంచదగిన జాతులకు ప్రాథమిక లైసెన్సు చాలును. విషసర్పాలకు వయస్సు, అనుభవం చూసి పైస్థాయి లైసెన్సు ఇస్తారు. ఒక రాష్ట్రపు లైసెన్సు మరొక రాష్ట్రంలో చెల్లదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాష్ట్రం మారేటప్పుడు గాని, స్వదేశానికి తిరిగి వచ్చేటప్పుడు గాని దీనిని గుర్తుంచుకొనవలెను. సజీవ స్వదేశీ సరీసృపాల వాణిజ్య ఎగుమతిని ఆస్ట్రేలియా అనుమతించదు. అక్రమ ఎగుమతికి 10 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చును.

ఇటువంటి లైసెన్సు విధానం భారతదేశంలో కూడా ఉంటే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని కొందరు వాదిస్తారు. బంధనంలో పుట్టిన తాబేలు చట్టబద్ధంగా దొరికితే దొంగతనంగా పట్టినదానిని ఎవరు కొంటారని వారి ప్రశ్న. ఈ వాదనలో కొంత బలం ఉన్నది. కాని ఏది బంధనంలో పుట్టినదో, ఏది అడవి నుండి తెచ్చినదో చూసి చెప్పడం కష్టం. ఇండోనేషియా నుండి 'పెంపకంలో పుట్టినవి' అని ఎగుమతి అయిన పచ్చ కొండచిలువలలో కనీసం 80 శాతం అడవి నుండి పట్టినవేనని 2011లో ఒక పరిశోధన తేల్చినది. ప్రతి లైసెన్సును, ప్రతి పెంపకపు పుస్తకాన్ని తనిఖీ చేసే యంత్రాంగం లేనిచోట లైసెన్సు అడవి జంతువుకు దొంగ జన్మపత్రిక అయ్యే ప్రమాదం ఉన్నది. అటవీ సిబ్బంది కొరత ఉన్న మన దేశంలో ఈ అభ్యంతరమే బరువైనదిగా తోచుచున్నది.

ఇంట్లో ఇప్పటికే ఉన్నచో

యాజమాన్య ధృవపత్రం ఉండి జంతువును ఉంచుకొనడం ఇష్టంలేనివారు 42ఎ సెక్షన్ ప్రకారం ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు అప్పగించవచ్చును. దీనికి పరిహారం ఉండదు. ధృవపత్రం లేనివారు దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయాన్ని గాని, జంతుప్రదర్శనశాలను గాని సంప్రదించి అప్పగించే విధానం తెలుసుకొనవలెను. తామే వెళ్ళి అప్పగించినవారికి, ఇంటిపై దాడిలో దొరికినవారికి మధ్య ఆచరణలో వ్యత్యాసం ఉండవచ్చును గాని, స్వచ్ఛందంగా అప్పగిస్తే నేరం మాఫీ అవుతుందని చట్టంలో ఎక్కడా వ్రాయలేదు. అవసరమైతే ముందుగా న్యాయవాదిని సంప్రదించుట మంచిది.

చేయకూడని పని జంతువును చీకటి పడ్డాక ఊరిబయట వదిలివేయడం. మెట్ట తాబేలును చెరువులో వేసేవారు కూడా ఉన్నారు. దానికి ఈత రాదు, మునిగి చనిపోతుంది. దారిలో లేదా పొలంలో సజీవంగా కనిపించిన తాబేలును ఉన్నచోటనే ఉంచవలెను. రోడ్డు దాటుతూ ప్రమాదంలో ఉన్నచో అది వెళ్తున్న దిక్కుకే రోడ్డు అంచు దాటించి విడవవలెను. వెనుకకు త్రిప్పి వదిలితే మళ్ళీ రోడ్డు దాటే ప్రయత్నం చేస్తుంది. గాయపడినదైతే అటవీశాఖకు తెలిపి, వారు వచ్చువరకు అట్టపెట్టెలో నీడన ఉంచవచ్చును. 48 గంటల నిబంధన అప్పటినుండే వర్తిస్తుంది.